ఫ్యాన్ ఎడిట్‌కు డీఐ, పోస్టర్: ఎవరికి ఏ దారి

నచ్చిన సినిమాను మనమే మళ్లీ కత్తిరించి కూర్చుకోవడాన్ని ఫ్యాన్ ఎడిట్ అంటారు. అందులో ఇంటర్వెల్ తర్వాత వచ్చే ఫ్లాష్‌బ్యాక్‌ను తీసి సినిమా మొదట్లో పెట్టారనుకోండి. కథ చక్కగా కుదిరింది. కానీ ఆ సీన్ అంతా పసుపు తిరిగిన సెపియాలో ఉంది, దాని ముందూ వెనకా ఉన్నవి నీలం దిగిన చల్లని సీన్లు. చూసేవాళ్లకు కథ కన్నా ముందు అతుకు కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నెట్‌లో దొరికే లట్ (రంగులన్నీ ఒక్కసారే మార్చే రెడీమేడ్ ఫైలు) ఒకటి మొత్తం సినిమాకు వేసేయాలా, షాట్ షాట్‌కూ కూర్చుని సరిచేయాలా, అసలు ముట్టుకోకుండా వదిలేయాలా? ఆ తర్వాత పోస్టర్ దగ్గర మళ్లీ ఇదే సందేహం.

నేను హన్మకొండలో ఉంటాను. నచ్చిన సినిమాలను నా కోసం, ఇంట్లోవాళ్ల కోసం మళ్లీ కత్తిరించి కూర్చుకోవడం ఆరేళ్లుగా అలవాటు. ఇన్నేళ్లలో నాకు గట్టిగా తెలిసి వచ్చింది ఒకటే. డీఐ అంటే సినిమా రంగులు సరిదిద్దే పని. ఫ్యాన్ ఎడిట్‌లో అది కొత్త రంగు పూయడం కాదు, చోటు మారిన సీన్‌ను కొత్త ఇరుగుపొరుగుతో కలపడం. పోస్టర్ రంగులు కూడా ఆ కలిపిన సీన్లలోంచే రావాలి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, మీ దగ్గరున్న ఫైల్ ఎలాంటిది. సినిమా తీసేటప్పుడు కెమెరా ఇచ్చే లాగ్ ఫుటేజ్ (రంగులు తర్వాత దిద్దుకునేలా వెలవెలగా ఉండే వీడియో) వేరు, మనం కొన్న బ్లూ-రే వేరు. బ్లూ-రేలో ఉన్నది 8-బిట్ వీడియో, అప్పటికే ఒక కలరిస్ట్ డీఐ చేసి ముగించిన బొమ్మ. ఒక్కో రంగుకు 256 మెట్లు, వీడియో రేంజ్‌లో 16 నుంచి 235 దాకా తీసుకుంటే 220 మెట్లే. దీన్ని ఎక్కువ లాగితే సాయంకాలపు ఆకాశంలో చారలు పడతాయి, చీకటి మూలల్లో గళ్లు తేలుతాయి. డీవీడీ అయితే ఇంకో చిక్కు. ఎస్‌డీ వీడియో రంగుల లెక్క రెక్ 601, హెచ్‌డీది రెక్ 709. డిలీటెడ్ సీన్లను డీవీడీలోంచి తెచ్చి బ్లూ-రే మధ్యలో అతికించినప్పుడు సాఫ్ట్‌వేర్ ఈ తేడా పట్టించుకోకపోతే ఎరుపు, ఆకుపచ్చ పక్కకు జరుగుతాయి. గ్రేడింగ్ (ఈ రంగుల పనే) మొదలుపెట్టే ముందే అది సరిచూసుకోవాలి.

రెండోది, ఎక్కడ చూస్తారు. ఫోన్‌లోనా, ఇంట్లో టీవీ మీదా, డాబా మీద తెర కట్టి ప్రొజెక్టర్‌తోనా? మూడోది, ఎన్ని అతుకులున్నాయి. ఐదారు సీన్లు మాత్రమే చోటు మారితే ఒక ఆదివారం పని. కథ వరసే తలకిందులు చేసినవాళ్లకు నెలలు పడుతుంది. నాలుగోది మీ సిస్టమ్, మీ తీరిక.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 1957 కాపీరైట్ చట్టం కింద సినిమాకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. అనుమతి లేకుండా ఎడిట్‌ను నెట్‌లో పెట్టడం, హాలు తీసుకుని వేయడం కుదరదు. డిస్క్ కొనుక్కోండి, ఎడిట్‌ను ఇంట్లోనే ఉంచుకోండి. నలుగురికీ చూపించుకునేలా నేర్చుకోవాలంటే బ్లెండర్ సంస్థ క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌తో విడుదల చేసిన ఓపెన్ మూవీలున్నాయి, వాటి మీద చేయండి.

రంగుల పనికి మూడు దారులు

ఒకటి: లట్ వేసి వదిలేయడం. పది నిమిషాల పని. నెట్‌లో దొరికే లట్‌లలో చాలావరకు లాగ్ ఫుటేజ్ కోసం చేసినవి. డీఐ అయిపోయిన బొమ్మ మీద వాటిని పూర్తి బలంతో వేస్తే నలుపు మూసుకుపోతుంది, ముఖాలు నారింజ రంగుకు తిరుగుతాయి. నా రెండో ఎడిట్‌లో అదే జరిగింది. పెళ్లి సీన్‌లో పట్టుచీర ఎరుపు అంతా ఒకే ముద్దయింది, మడతలు కనిపించలేదు. వేయక తప్పదనుకుంటే బలం 30 శాతం దాటనివ్వకండి. అప్పుడు కూడా అతుకు పోదని గుర్తుంచుకోండి. రెండు వేర్వేరు రంగుల సీన్ల మీద ఒకే లట్ వేస్తే రెండూ జరుగుతాయి, వాటి మధ్య దూరం అలాగే ఉంటుంది.

రెండు: అతుకుల దగ్గర మాత్రమే పని చేయడం. నా ఓటు దీనికే, నూటికి తొంభైమందికి ఇదే చాలు. చోటు మారిన సీన్‌ను, దానికి అటూ ఇటూ ఉన్న రెండేసి షాట్లను మాత్రమే ముట్టుకుంటారు. మిగతాది అసలు కలరిస్ట్ చేసినట్టే ఉంటుంది.

చేసే వరస ముఖ్యం. పక్క సీన్‌లోంచి ఒక షాట్‌ను స్టిల్‌గా పట్టుకుని తెర సగంలో పెట్టుకోండి. ముందు నలుపు కలపండి. వేవ్‌ఫామ్ అంటే బొమ్మ వెలుగును చూపే గ్రాఫ్, అందులో అడుగు గీత రెండింటికీ ఒకే ఎత్తులో ఉండాలి. తర్వాత తెలుపు. తర్వాత పెరేడ్ (మూడు రంగులను విడివిడిగా చూపే గ్రాఫ్) చూస్తూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం సమతూకం. ఆ తర్వాతే రంగుల చిక్కదనం. రంగు తేడా కన్నా వెలుగు తేడాను కన్ను ముందు పట్టుకుంటుంది, అందుకే ఈ వరస. వెలుగు కలవకుండా రంగు కలపబోతే గంటల తరబడి రంగు చక్రాలు తిప్పుతూనే ఉంటారు.

చివరగా ముఖాలు. వెక్టర్‌స్కోప్ అనే గుండ్రటి రంగుల గ్రాఫ్‌లో ఎరుపుకూ పసుపుకూ మధ్య చర్మం రంగు గీత ఒకటి ఉంటుంది. తెల్లటివాళ్లయినా నల్లటివాళ్లయినా మనుషుల చర్మం ఇంచుమించు ఆ గీత దగ్గరే పడుతుంది. తేడా వెలుగులో, చిక్కదనంలో ఉంటుంది. ముఖాన్ని గీత మీదికి తేవడం సరిచేయడం. ముఖాన్ని తెల్లబరచడం అది కాదు, దయచేసి ఆ పని చేయకండి. మన ఎండలో నిలబడిన మనిషి చామనఛాయ తేలిపోతే సీన్‌లోని ఎండ కూడా నమ్మబుద్ధి కాదు.

సెపియా సీన్‌ను పూర్తిగా మామూలు రంగుకు లాగడానికి 8-బిట్ బొమ్మ ఒప్పుకోదు. అలాంటప్పుడు భారం రెండు వైపులా పంచండి. చోటు మారిన సీన్‌ను సగం దూరం నడిపించండి, దాని ముందున్న రెండు షాట్లను కొంచెం వేడి రంగు వైపు తీసుకురండి. రెండూ దారిలో కలుసుకుంటాయి. ఆ సీన్ డిజాల్వ్‌తో (ఒక సీన్ కరుగుతూ ఇంకో సీన్‌గా మారడం) మొదలైతే మాత్రం జాగ్రత్త. పాత పక్క సీన్ రంగు అందులోనే కలిసిపోయి ఉంటుంది, విడదీయలేరు. డిజాల్వ్ పూర్తయిన ఫ్రేమ్ నుంచి కత్తిరించుకుని మీ డిజాల్వ్ మీరు వేసుకోవడం మేలు.

మూడు: సినిమా మొత్తానికి కొత్త రూపం. చల్లని సినిమాను వేడిగా, రంగుల సినిమాను నలుపు-తెలుపుగా మార్చడం. కష్టం ఎక్కువ, ఫలితం అరుదు. అయినా రెండు సందర్భాల్లో ఇది తప్పదు. కథ జాతినే మార్చినప్పుడు ఒకటి, ఉదాహరణకు కామెడీని థ్రిల్లర్‌గా కత్తిరిస్తే. రెండోది, రంగు వెలిసిన పాత ప్రింటు నుంచి వచ్చిన వీడియో. ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో సయాన్ (నీలి-ఆకుపచ్చ) రంగు ముందు వెలిసిపోతుంది కాబట్టి బొమ్మంతా గులాబీ తిరుగుతుంది. సయాన్ పోయిందంటే ఎరుపు చానల్‌లోని వివరం పోయినట్టే. ఎరుపును ఊరికే తగ్గిస్తే బొమ్మ మురికిగా అవుతుంది. ఆర్‌జీబీ మిక్సర్‌లో ఆకుపచ్చ చానల్ వివరాన్ని కొంత ఎరుపులోకి అరువు తెచ్చుకోవాలి. అదీ కుదరకపోతే ఆకుపచ్చ చానల్ ఒక్కటే తీసుకుని నలుపు-తెలుపు చేయండి. వెలిసిన గులాబీ కన్నా గౌరవంగా ఉంటుంది.

ఆకాశంలో చారలు వస్తే పలుచగా గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్నటి రేణువులు) వేయండి, కన్నుకు చారలు ఆనవు.

ఏ సాఫ్ట్‌వేర్

| సాధనం | ఖర్చు | అతుకుల పనికి | ఎక్కడ ఇబ్బంది |
|---|---|---|---|
| డావిన్చి రిజాల్వ్, ఉచితం | లేదు | స్కోపులు (పైన చెప్పిన గ్రాఫ్‌లు), నోడ్లు (ఒక్కో దిద్దుబాటుకు ఒక్కో డబ్బా), స్టిల్‌తో పోలిక, సీన్ కట్‌లను తానే గుర్తించడం, అన్నీ ఉన్నాయి | గ్రాఫిక్స్ కార్డు బలంగా ఉండాలి, నాయిస్ (బొమ్మలో కదిలే చుక్కలు) తగ్గించే పనిముట్టు, గ్రెయిన్ ఎఫెక్ట్ ఇందులో రావు, లినక్స్‌లో హెచ్.264 రకం వీడియో తెరవదు |
| రిజాల్వ్ స్టూడియో | 295 డాలర్లు, ఒక్కసారే | పైవన్నీ, నాయిస్ తగ్గింపు, గ్రెయిన్ | పాత డీవీడీల మీద పనిచేసేవాళ్లకు తప్ప అంత అవసరం పడదు |
| ప్రీమియర్ ప్రో | చందా | లూమెట్రీ ప్యానెల్, పక్కపక్కన పెట్టి చూసే వీలు | చందా ఆగితే ప్రాజెక్టు తెరవలేరు |
| కెడెన్‌లైవ్ | లేదు | లిఫ్ట్-గామా-గెయిన్ (నీడలు, మధ్య వెలుగు, తెలుపు విడివిడిగా సర్దడం), స్కోపులు, లట్ | ఎక్కువ షాట్లను ఒకేసారి సర్దడం నెమ్మది |
| వీఎన్, కైన్‌మాస్టర్ లాంటి ఫోన్ యాప్‌లు | ఉచితం లేదా చందా | ఫిల్టర్లు, స్లైడర్లు | రెండు గంటల సినిమాకు చాలవు |

కాలేజీ పిల్లల పాత ల్యాప్‌టాప్ అయితే కెడెన్‌లైవ్‌లో ప్రాక్సీలు (తేలికైన చిన్న నకళ్లు) పెట్టుకుని పని చేసుకోవచ్చు. 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఇంకేం ఆలోచించకుండా రిజాల్వ్ ఉచిత వెర్షన్ దించుకోండి. సీన్ కట్‌లను గుర్తించే పనిముట్టు ఒక్కటే మీకు రెండు రోజులు మిగులుస్తుంది. ఒక్క జాగ్రత్త: ఫైళ్లు తెచ్చే ముందే ప్రాజెక్టు ఫ్రేమ్ రేటును ఫైలుతో కలపండి, తర్వాత మార్చనివ్వదు.

సాఫ్ట్‌వేర్ కన్నా తెర ముఖ్యం. నైట్ లైట్, ఐ కంఫర్ట్ లాంటివన్నీ ఆపేయండి. గదిలో ఒకే దీపం, ఎప్పుడూ అదే. ల్యాప్‌టాప్ తెర అబద్ధం చెబుతుందేమోనన్న అనుమానం ఉంటే బాగా ఎరిగినదాన్ని అందులో చూడండి. నేను వేయి స్తంభాల గుడి నల్లరాతి ఫొటో, ఎనుమాముల మార్కెట్లో మిర్చి రాశుల ఫొటో పెట్టుకున్నాను. రాయి నీలంగానో ఆకుపచ్చగానో కనిపిస్తే తెర సెట్టింగ్ తప్పు. మిర్చి ఎరుపు ఎలా ఉంటుందో వరంగల్‌లో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇది కాలిబ్రేషన్ పరికరానికి సాటి రాదు, కానీ పెద్ద తప్పులు పట్టుకుంటుంది.

పోస్టర్: నాలుగు రకాలు

ఇక్కడ చూడవలసినవి వేరు. ఎడిట్‌లో మీరు మార్చిందేమిటో బొమ్మ చెబుతోందా? దూరం నుంచి టైటిల్ చదవవస్తుందా? అసలు సినిమా పోస్టర్ అని ఎవరైనా పొరబడతారా? ఈ మూడోది తప్పకుండా చూసుకోవాలి. నిర్మాణ సంస్థ లోగో, సెన్సార్ సర్టిఫికెట్ గుర్తు పెట్టకండి. "ఫ్యాన్ ఎడిట్" అని టైటిల్ కిందే, కనిపించే సైజులో రాయండి.

ఫ్రేముల కొలాజ్: సినిమాలోంచి ముఖాలు తీసి కూర్చడం. అందరూ మొదట చేసేది ఇదే. బ్లూ-రే ఫ్రేమ్ 1920×1080 పిక్సెళ్లు. 12×18 అంగుళాల షీటుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3600×5400 కావాలి. అంటే ఒక ఫ్రేమ్‌ను పోస్టరంత పెంచితే ముఖం మెత్తబడిపోతుంది. ముఖాన్ని చిన్నగా, చుట్టూ ఖాళీని పెద్దగా పెట్టుకుంటే నిలుస్తుంది. ఫోన్‌లో చూడడానికే అయితే ఈ బెంగ లేదు.

వస్తువు ఒక్కటే: కథలో కీలకమైన ఒక వస్తువు, రెండు రంగులు, టైటిల్. ఇంక్‌స్కేప్ అనే గీతబొమ్మల సాఫ్ట్‌వేర్‌లో గీస్తే ఎంత పెద్ద సైజుకైనా చెదరదు. బొమ్మలు గీయడం రానివాళ్లకు ఇదే మేలు. కష్టమంతా ఆ వస్తువు ఏదో తేల్చుకోవడంలో ఉంది. మీరు ముందుకు తెచ్చిన సీన్‌లోనే వెతకండి.

ఏఐ బొమ్మ: త్వరగా వస్తుంది. కానీ తెలుగు అక్షరాలు తరచూ పాడుచేస్తుంది, నటుల ముఖాలను పోలిన ముఖాలు పుట్టిస్తుంది. నటుల ముఖం వాళ్లది, వాళ్లను అడగకుండా కొత్త భంగిమల్లో పెట్టడం నాకు ఇష్టం లేదు. మబ్బు, గోడ, పొలం లాంటి వెనక నేపథ్యానికి వాడుకుంటే చాలు.

చేత్తో వేయించడం: నా మనసు ఇక్కడే ఉంది. ఒకప్పుడు మన సినిమా పోస్టర్లన్నీ కుంచెతో వేసినవే, ఈశ్వర్ లాంటి పబ్లిసిటీ ఆర్టిస్టుల కుంచె రాత చూసి సినిమా ఎలాంటిదో చెప్పగలిగేవాళ్లు. మన దగ్గర అంతకన్నా పాత కథాచిత్రం ఉంది, చేర్యాల నకాషీ. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, 2016 దాకా మన వరంగల్ జిల్లానే. ఖాదీ బట్టకు చింతగింజల అంబలి, తెల్లమట్టి పూసి, ఎర్రటి నేల మీద కథను అరలు అరలుగా వేస్తారు. పటం విప్పుతూ కథ చెప్పేవాళ్ల కోసం పుట్టిన కళ అది. ఆలోచిస్తే ఫ్యాన్ ఎడిట్ చేసేవాళ్లకు ఇంత దగ్గరగా ఇంకేదీ రాదు, ఎందుకంటే పటంలో ఏ అర తర్వాత ఏ అర అన్నదే కథ. మీరు మార్చిన సీన్ల వరసనే ఐదు అరలుగా వేయిస్తే పోస్టర్ చూసినవాళ్లకు ఎడిట్ సంగతి చెప్పక్కర్లేదు. నకాషీ ముఖాలు ఫలానా మనిషిని పోలి ఉండవు కాబట్టి నటుల పోలిక గొడవా ఉండదు.

ఇబ్బందులు కూడా చెబుతాను. సమయం పడుతుంది, డబ్బు పడుతుంది. బేరం ఆడకండి, తొందర పెట్టకండి, ఆర్టిస్టు పేరు పోస్టర్ మీద రాయండి. పల్లె కథలకు, పురాణాలకు, జానపదాలకు అతికినట్టు ఉంటుంది. నగరంలో రాత్రిపూట నడిచే థ్రిల్లర్‌కు ఎర్ర నేల నప్పదు. ఇంకో మాట: ఇంట్లో కూర్చుని ఫిల్టర్‌తో "చేర్యాల స్టైల్" చేసుకోవడం కన్నా ఒక చిన్న బొమ్మ నిజంగా వేయించుకోవడం వెయ్యి రెట్లు నయం. బొమ్మ వచ్చాక నీడపట్టున, ఫ్లాష్ లేకుండా, కెమెరాను పటానికి సమాంతరంగా పెట్టి ఫొటో తీయండి.

ఏ రకమైనా రంగులు మాత్రం మీ గ్రేడ్‌లోంచే తీసుకోండి. కలిపిన అతుకుల దగ్గరి నాలుగు స్టిల్స్ తీసి వాటిలోంచి మూడు రంగులు ఎంచుకుంటే పోస్టరూ సినిమా ఒకే ఇంటివిగా కనిపిస్తాయి. అందుకే గ్రేడింగ్ ముగియకుండా పోస్టర్ మొదలుపెట్టవద్దంటాను.

టైటిల్ అక్షరాలు

పోస్టర్ సగం టైటిలే. రామభద్ర, ఎన్టీఆర్, రవిప్రకాశ్, ధూర్జటి, సురవరం, పెద్దన లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. దూరానికి కనిపించే బరువైన అక్షరం కావాలంటే రామభద్ర చూడండి. డీటీపీ షాపుల్లో మాత్రం ఇంకా అను ఫాంట్ల రాజ్యమే. అవి యూనికోడ్ కావు. మీ ఫైలు అక్కడ తెరిస్తే అక్షరాలు మారిపోవచ్చు.

ఒకసారి నా పోస్టర్ ఇచ్చి చాయ్ తాగి వచ్చేసరికి షాపులో అబ్బాయి తెర చూపించి "అన్నా, వత్తులన్నీ పక్కకు వడ్డయ్" అన్నాడు. తప్పు నాది, టెక్స్ట్‌ను కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అవసరం లేని గీతలుగా, మార్చకుండా ఇచ్చాను. అప్పటి నుంచి ఇంక్‌స్కేప్‌లో అక్షరాలను పాత్‌లుగా మార్చి, పీడీఎఫ్ చేసి, ఫోన్‌లో తెరిచి ప్రతి వత్తూ చదువుకున్నాకే ఇస్తున్నాను. ఫొటోషాప్‌లో తెలుగు విడిపోతుంటే టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి.

ఫ్లెక్సీయా, ఆర్ట్ పేపరా

గది గోడకైతే 12×18 ఆర్ట్ పేపర్ లేదా ఏ3. ఏ3కి 300 డీపీఐలో 3508×4961 పిక్సెళ్లు పడతాయి. చుట్టూ 3 మిల్లీమీటర్లు బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదలండి. పెద్ద నల్లటి భాగాలకు ఒట్టి నలుపు వేస్తే బూడిద రంగులా వస్తుంది. సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 కలిపితే చిక్కగా ఉంటుంది. ఫ్లెక్సీ దూరం నుంచి చూసేది కాబట్టి 72 నుంచి 100 డీపీఐ చాలు, కానీ సన్నటి గీతలు, మెత్తటి నీడలు అందులో నిలవవు. రెండింటిలోనూ తెర మీద మెరిసే ఆకుపచ్చ, ముదురు నీలం ప్రింటులో మందగిస్తాయి. క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో సీఎంవైకే (ప్రింటు సిరాల రంగుల లెక్క) పెట్టుకుని ముందే చూసుకోవచ్చు. నేనైతే ఎప్పుడూ పేపరే. ఫ్లెక్సీ ఒక్క రాత్రి పండగకు వాడి పారేసేది, పైగా ప్లాస్టిక్.

ఎవరికి ఏది

చేతిలో ఫోన్ మాత్రమే ఉన్న ఇంటర్, డిగ్రీ పిల్లలు: రెండు గంటల సినిమా వద్దు. ఒకే ఒక్క అతుకు ఉన్న పది నిమిషాల ముక్క తీసుకోండి, వెలుగు మాత్రం కలపండి. పోస్టర్‌కు వస్తువు ఒక్కటే, రెండు రంగులు.

ఉద్యోగం చేస్తూ ఆదివారాలు మాత్రమే కూర్చునేవాళ్లు: అతుకుల దారి, రిజాల్వ్ ఉచిత వెర్షన్, 12×18 కొలాజ్. రాత్రి పదకొండు దాటాక రంగులు చూడకండి. అలిసిన కన్ను తెల్లారి మాట మారుస్తుంది.

పాత సినిమాల మీద ప్రేమ ఉన్నవాళ్లు: మొత్తం రూపం మార్చే దారే మీకు పడుతుంది, స్టూడియో వెర్షన్‌కు పెట్టిన డబ్బు నాయిస్ తగ్గింపులోనే తిరిగొస్తుంది. పోస్టర్ చేత్తో వేయించండి.

ఎండాకాలం రాత్రి డాబా మీద ఇంట్లోవాళ్లకు ప్రొజెక్టర్‌తో వేసేవాళ్లు: వీధి దీపాల వెలుగు తెర మీద పడి నలుపు బూడిదవుతుంది, చీకటి సీన్లు అసలు కనిపించవు. అందుకు నీడలను కొంచెం పైకి ఎత్తిన కాపీ ఒకటి విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, టీవీ కాపీని ముట్టుకోకండి. ముందు రోజు రాత్రి అదే తెర మీద, అదే వేళకు, అన్నిటికన్నా చీకటిగా ఉన్న సీన్ వేసి చివరి వరసలో చాప పరుచుకుని కూర్చుని చూడండి. ముఖాలు కనిపిస్తే సరే. కనిపించకపోతే సరిచేయడానికి ఇంకో పగలంతా మీ చేతిలో ఉంటుంది.